పాతిక వేలతో ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టాలంటే ఏ మిషన్లు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఒక బాల్కనీ, శని ఆదివారాలు ఖాళీ, చేతిలో 25 వేలు. ముందు ఒక పుస్తకాల అర, తర్వాత చెప్పుల స్టాండు, ధైర్యం వస్తే టీవీ యూనిట్. డ్రిల్లు, గ్రైండరు, మార్బుల్ కట్టరు, జిగ్‌సా, వంద ముక్కల బిట్ల సెట్టు అన్నీ కలిపి 9 వేలకు ఆన్‌లైన్లో కనబడ్డాయి, తీసుకోమంటారా, బ్యాటరీ మిషన్లు ఎలా ఉంటాయి అని.

వద్దండీ. ఎందుకో చెబుతాను. విజయవాడలో నాది కరెంటు మిషన్లు బాగుచేసే చిన్న షాపు. ఆర్మేచర్ (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగం) రివైండింగు, బేరింగులు, స్విచ్‌లు, గేర్లు. 22 ఏళ్లుగా ఇదే పని. మా మేనమామ వడ్రంగి. సెలవులకు వెళ్తే ఆయన పక్కన కూర్చుని చిత్రిక పట్టడం నేర్చుకున్నాను, ఇప్పటికీ మా ఇంట్లో మంచాలూ బల్లలూ నేనే చేసుకుంటాను. అందుకని కొత్త మిషన్ డబ్బా విప్పిన రోజు ఎలా ఉంటుందో తెలుసు, అదే మిషన్ కాలి నా బల్ల మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఇంకా బాగా తెలుసు.

మీరు చెప్పిన కాంబోలో గ్రైండరు ఇనుము కోయడానికి. మార్బుల్ కట్టరు టైల్స్‌కి, గ్రానైట్‌కి. చెక్క పనికి మిగిలేవి డ్రిల్లు, జిగ్‌సా, రెండే. వంద ముక్కల సెట్టులో బిట్లు మెత్తటి ఇనుముతో చేసినవి, టేకులో నాలుగు బెజ్జాలు వేసేసరికి మొనలు నీలం రంగుకు తిరుగుతాయి. ఇదంతా ఒక ఎత్తు, విడిభాగాలు ఒక ఎత్తు. పేరు లేని మిషన్ ఒకటి నా దగ్గరికి వస్తే ముందు కార్బన్ బ్రష్ (తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించే బొగ్గు ముక్క) దొరకదు. కొంచెం పెద్ద సైజు బ్రష్ తెచ్చి ఎమరీ కాగితం మీద రుద్ది రుద్ది దాని గూట్లో పట్టేలా చేస్తాను. అరగంట పని, కూలి 150 అడిగితే కస్టమర్ మొహం చిట్లిస్తాడు. అదే ఊరూరా దొరికే కంపెనీ మిషనయితే డబ్బాలోంచి జత బ్రష్‌లు తీసి ఐదు నిమిషాల్లో వేసి ఇస్తాను. ఆర్మేచర్ పోతే సరేసరి. విప్పి చూస్తే కొన్నింటిలో రాగి తీగ బదులు అల్యూమినియం తీగకు రాగి పూత పూసి చుట్టి ఉంటారు. దాన్ని మళ్లీ చుట్టించే ఖర్చుతో కొత్తదే వస్తుంది.

డబ్బా మీద 850 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు, దానికీ మోసపోకండి. అది మిషన్ కరెంటు లాగే లెక్క. చెక్క దగ్గరికి ఎంత బలం చేరుతుందో ఆ అంకె చెప్పదు. పేరున్న కంపెనీ 500 వాట్ల డ్రిల్లు పక్కన పేరులేని 850 వాట్లది పెట్టి ఒకే చెక్కలో బెజ్జం వేయిస్తే రెండోది ముక్కుతూ మూలుగుతూ ఆగిపోవడం నా షాపులోనే చాలాసార్లు చూశాను.

కాబట్టి కొనే ముందు మీకు దగ్గర్లో ఉన్న రివైండింగు షాపుకు ఒకసారి వెళ్లండి. "అన్నా, వీటిలో దేనికి సామాను దొరుకుతుంది?" అని అడగండి. మా దగ్గర బాష్, మకీటా, డివాల్ట్ మూడింటికీ బ్రష్‌లూ స్విచ్‌లూ సులువుగా దొరుకుతాయి. హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపు వెళ్తే ఇంకా చాలావాటికి దొరుకుతాయి. షాపువాడు ఏ పేరు చెబితే మీకదే మంచి కంపెనీ.

ఇక అసలు విషయం. అందరూ రంపంతో మొదలుపెడతారు. మీరు రంపం కొనకండి, కనీసం మొదటి మూడు నెలలు. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్లదయితే 30 కిలోల పైనే బరువు. అది మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. మెట్ల మీద మోసుకొచ్చినా బాల్కనీలో తిప్పడానికి చోటుండదు. మాడ్యులర్ కిచెన్లు చేసేవాళ్ల దగ్గర ప్యానెల్ సా అని పెద్ద కోత మిషన్ ఉంటుంది, కొన్ని ప్లైవుడ్ షాపుల్లోనూ ఉంటుంది. షీటు అక్కడే కొని, కొలతలు కాగితం మీద రాసిచ్చి కోయించేయండి. కోతకింతనో షీటుకింతనో తీసుకుంటారు. ఆ మిషన్ కోసినంత తిన్నగా పదేళ్లు చేసినా నా చేతికి రాదు. ముక్కలు ఆటోలో, లిఫ్టులో హాయిగా వచ్చేస్తాయి. కింది ఫ్లాటువాళ్లతో గొడవా ఉండదు.

కొలతలు రాసేటప్పుడు కొత్తవాళ్లంతా ఒకచోట పడతారు. షీటు వెడల్పు 4 అడుగులు కదా, అడుగు వెడల్పు పట్టీలు నాలుగు వస్తాయనుకుంటారు. రావు. షీటు 1220 మిల్లీమీటర్లు, అడుగంటే 305. ఒక్కో కోతకు బ్లేడు 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేసేస్తుంది. నాలుగు పట్టీలకు మూడు కోతలు, అక్కడే 9 పోయాయి. కాబట్టి పట్టీ 300 అని రాయండి. నాలుగు మూడువందలు 1200, పొట్టు 9, ఇంకా 11 మిగులుతుంది. పుస్తకాల అరకు 300 లోతు చాలా ఎక్కువే.

ఇప్పుడు మీ అర ఒకే షీటులో ఎలా వస్తుందో చూడండి. 2440 పొడుగున్న పట్టీలు నాలుగున్నాయి. రెండింటిలో ఒక్కోటి 1800 చొప్పున పక్క చెక్కలు కోయిస్తే చెరో 637 ముక్క మిగులుతుంది, చెప్పుల స్టాండుకు దాచుకోండి. మిగతా రెండు పట్టీల్లో 750 చొప్పున మూడేసి, మొత్తం ఆరు అడ్డ చెక్కలు. పైనొకటి, కిందొకటి, మధ్యలో నాలుగు. అడ్డ చెక్క 750 దాటనివ్వకండి. మూడడుగులు పెట్టి పుస్తకాలు నింపితే ఏడాది తిరిగేసరికి మధ్యలో ఉయ్యాల్లా జారుతుంది. వెనక వేయడానికి 6 మిల్లీమీటర్ల ప్లై ముక్క 1800కి 786 విడిగా కొనండి (750కి రెండు పక్కలా 18 కలిపితే 786). ప్లై మీద ఐఎస్ 303 ముద్ర ఉంటే పుస్తకాల అరకు సరిపోతుంది. ఐఎస్ 710 నీళ్లు తగిలే చోటికి, వంటింటి సింకు కింద పెట్టేదానికి. షాపువాడు 710 అంటగట్టాలని చూస్తాడు, మొహమాటపడకండి.

ముక్కలు ఇంటికొచ్చాయి. ఇప్పుడు మిషన్లు.

మొదటిది డ్రిల్లు, దీనికి తిరుగు లేదు. వైరుదయితే 13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టుకునే నోరు), ముందుకీ వెనక్కీ తిరిగేది, ట్రిగ్గరు నొక్కినకొద్దీ వేగం పెరిగేది తీసుకోండి. హామర్ మీట (గోడల కోసం, తిరుగుతూ కొట్టేలా చేసేది) కూడా ఉంటుంది, చెక్క పనిలో దాన్ని ఆపి ఉంచాలి. హామర్‌లో పెట్టి చెక్కలో బెజ్జం వేసి, వెనక పెచ్చు లేచిపోయాక డ్రిల్లు పాడయిందని నా దగ్గరికి తెచ్చినవాళ్లున్నారు. 8 నంబరు స్క్రూకు ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. ప్లైవుడ్ అంచులోకి బెజ్జం లేకుండా స్క్రూ ఎక్కిస్తే పొరలు విడిపోతాయి. పక్క చెక్క 18 దాటి అడ్డ చెక్కలోకి మరో 30 దాకా దిగాలి కాబట్టి 50 మిల్లీమీటర్ల స్క్రూ కావాలి.

గోడ సంగతి కూడా చెప్పుకోవాలి, అర గోడకు బిగించకపోతే పిల్లలు ఎక్కినప్పుడు మీద పడుతుంది. మీది ఇటుక గోడయితే ఈ డ్రిల్లే చాలు. హైదరాబాద్‌లో కొత్తగా కట్టే పెద్ద అపార్ట్‌మెంట్లు చాలావాటిలో మివాన్ పద్ధతిలో గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తున్నారు. వాటిని ఈ చిన్న డ్రిల్లుతో పొడిస్తే బిట్టు ఎర్రబడుతుంది, ఆర్మేచర్ వాసన వస్తుంది, బెజ్జం మాత్రం పడదు. దానికి రోటరీ హామర్ కావాలి. కొనొద్దు, అద్దెకు తెచ్చుకోండి, లేకపోతే మీ అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. నాలుగు బెజ్జాల పనికి అంత మిషన్ ఎందుకు?

రెండోది ట్రిమ్మరు. చేతిలో ఇమిడే చిన్న రౌటరు, అంటే అంచులు చెక్కే మిషన్, నిమిషానికి 30 వేల చుట్లు తిరుగుతుంది. మైకా అంటించాక అంచు బయటికి పొడుచుకొచ్చినదాన్ని తీయడానికి, చెక్క అంచులు గుండ్రం చేయడానికి దీన్ని మించింది లేదు. మీరు చేసిన సామాను 'ఇంట్లో చేసింది' అనిపించకుండా 'షాపులో కొన్నది' అనిపించేది ఈ అంచుల దగ్గరే. మైకాకు బేరింగు ఉన్న బిట్టు ఒకటి, అంచు గుండ్రానికి 3 మిల్లీమీటర్లది ఒకటి, మొదట రెండు చాలు. మీ వైపున్న అంచు మీద పనిచేసేటప్పుడు మిషన్‌ని ఎడమ నుంచి కుడికి నడపాలి. అటునుంచి ఇటు లాగితే బిట్టు చెక్క మీద పరుగు తీసి మిషన్ని చేతిలోంచి లాక్కుంటుంది.

ట్రిమ్మరు దగ్గర ఒక ప్రమాదం దాగి ఉంది, షాపుల్లో ఎవరూ చెప్పరు. బిట్టు కాడను మిషన్లో పట్టి ఉంచే గూడును కాలెట్ అంటారు. బిట్టు కాడలు రెండు రకాలు: 6 మిల్లీమీటర్లు, పావు అంగుళం. పావు అంగుళమంటే 6.35. కంటికి తేడా తెలియదు. పావు అంగుళం కాలెట్‌లో 6 మిల్లీమీటర్ల కాడ పెట్టి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, పనిలో జారుతుంది. 30 వేల చుట్లలో జారిన బిట్టు ఎటు ఎగురుతుందో ఎవరు చెప్పగలరు? కొనేటప్పుడే మిషన్ కాలెట్ ఏదో చూసి, దాని కొలత బిట్లే కొనండి. బిగించేటప్పుడు కాడను అడుగంటా దూర్చి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి అప్పుడు బిగించండి. అడుగుకు తన్నుకుని ఉంటే కాలెట్ పూర్తిగా పట్టదు.

మూడోది సాండరు. 125 మిల్లీమీటర్ల గుండ్రటిది, రాండమ్ ఆర్బిటల్ అంటారు. తిరుగుతూనే అటూ ఇటూ కదులుతుంది కాబట్టి చెక్క మీద గుండ్రటి గీతలు దాదాపు కనబడవు. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180 దాకా వెళ్లండి. వెనీర్ ప్లై అయితే 80 జోలికి పోకండి, పై పొర కాగితమంత పల్చన, చిరిగి అడుగు కనబడుతుంది. మొత్తం మైకా అంటించే పనే అయితే సాండరు లేకుండా కూడా గడుస్తుంది, ఆ డబ్బు మిగుల్చుకోండి.

దుమ్ము గురించి ఇక్కడే చెప్పేస్తాను. చెక్క పొడి అంటే మనకు లెక్క లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే బోర్డు) పొడి మరీ సన్నం, జిగురుతో కలిసి ఉంటుంది. కోవిడ్‌లో కొన్న ఎన్95 మాస్కులు మిగిలి ఉంటే అవే వాడండి, తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటే ఏమీ ఆగదు. సాండరుతో వచ్చే నల్ల సంచీ పేరుకే. ఇంట్లో పాత వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని గొట్టం తగిలించండి. మా ఆవిడ ఇప్పటికీ నా సాండరు శబ్దం వినగానే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేస్తుంది.

మిషన్లు కానివాటికి కూడా డబ్బు తీసి పెట్టుకోండి, అక్కడే అందరూ పిసినారితనం చేస్తారు. ఎఫ్ క్లాంపులు (చెక్కలను అదిమి పట్టే, ఎఫ్ ఆకారపు బిగింపులు) కనీసం నాలుగు. జిగురు పెట్టిన చెక్కను మోకాలితో అదిమి పట్టుకుని స్క్రూ వేస్తే ఎప్పుడూ ఒక నూలు పక్కకు జరుగుతుంది. మంచి మూలమట్టం ఒకటి. షాపులోనే పరీక్షించి తీసుకోండి: తిన్నటి అంచున్న చెక్కకు ఆనించి గీత గీయండి, మూలమట్టం తిరగేసి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది, విడిపోతే వదిలేయండి. అర బిగించాక మూల నుంచి మూలకు కొలవండి. 1800కి 786 చట్రానికి రెండు వైపులా 1964 రావాలి. ఒకటి 1970, ఇంకోటి 1958 వస్తే అర వంకరగా ఉన్నట్టు. జిగురు ఆరకముందే పొడవున్న మూలల మధ్య క్లాంపు వేసి లాగండి.

చెక్క పని పట్టుబడ్డాక రంపం కావాలనిపిస్తుంది. వంపులు కోయాలంటే జిగ్‌సా, తిన్నగా కోయాలంటే సర్కులర్ సా. జిగ్‌సా భయపెట్టదు, శబ్దం తక్కువ, బాల్కనీకి సరిపోతుంది. కానీ మందపు చెక్కలో బ్లేడు లోపల వంగిపోతుంది, పైన గీత మీద కోసినట్టే ఉండి కింద పక్కకు పోతుంది. బ్లేడు వెనక చివర 'టి' ఆకారంలో ఉండేదే తీసుకోండి, అవే ఎక్కడైనా దొరుకుతాయి. వాటి మీద నంబర్లుంటాయి: టి144డి వేగంగా కోస్తుంది, అంచు గరుకు. టి101బి నెమ్మది, అంచు నున్నన. మైకా మీదయితే టి101బిఆర్, దాని పళ్లు తిరగేసి ఉంటాయి, పై ముఖం పెచ్చులు లేవదు.

సర్కులర్ సా అయితే 7 అంగుళాలది. దాంతో వచ్చే బ్లేడుకు సాధారణంగా 24 పళ్లుంటాయి, అది దుంగకు సరే. ప్లైవుడ్‌కు 40 నుంచి 60 పళ్ల టీసీటీ (పళ్ల మొనలకు కార్బైడ్ అతికిన) బ్లేడు విడిగా కొనండి. బ్లేడు మధ్య బెజ్జం మీ మిషన్ షాఫ్టుకు సరిపోతుందో లేదో, బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే ఎక్కువ ఉందో లేదో చూసుకోండి. బాల్కనీలో బల్ల లేకపోతే నేల మీద రెండంగుళాల థర్మోకోల్ షీట్లు పరిచి దాని మీద ప్లై పెట్టి కోయండి. బ్లేడు లోతు చెక్క మందం కంటే 5 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ పెట్టండి. అప్పుడు బ్లేడు థర్మోకోల్‌లో కాస్త గీసుకుంటూ పోతుంది, చెక్క రెండు పక్కలా పూర్తిగా ఆని ఉంటుంది. ఆని ఉండకపోతే చివరికొచ్చేసరికి చెక్క కుంగి బ్లేడును నొక్కేస్తుంది, మిషన్ వెనక్కి మీ మీదికి తన్నుతుంది. దారి తప్పకుండా తాపీ మేస్త్రులు వాడే అల్యూమినియం పట్టీ క్లాంపులతో బిగించుకుంటే చాలు. అందమైన ముఖం కిందికి పెట్టాలి. బ్లేడు కింది నుంచి పైకి కోస్తుంది, పెచ్చులు పైనే లేస్తాయి.

గ్రైండరుకు చెక్క బ్లేడు తగిలించి కోసే పని మాత్రం చేయకండి. చాలామంది కార్పెంటర్లు చేస్తారు, యూట్యూబ్‌లోనూ చూపిస్తారు. గ్రైండరు నిమిషానికి 11 వేల చుట్లు తిరుగుతుంది, చెక్క మీద ఆనడానికి కింద పళ్లెం ఉండదు, పళ్లున్న బ్లేడు చెక్కలో పట్టుకుందంటే ఆపడం మనిషి వల్ల కాదు. ఒకాయన స్విచ్ బాగుచేయించుకోవడానికి గ్రైండరు తెచ్చాడు. గార్డు లేదు. ఎక్కడుందని అడిగితే, అడ్డమొస్తోందని తీసేశానన్నాడు. డబ్బులు ఎడమ చేత్తో లెక్కపెట్టి ఇస్తున్నాడేమిటా అని చూస్తే కుడి చేతి చూపుడు వేలు సగానికి కట్టు. స్విచ్ కూడా ఆ రోజే పోయిందట, మిషన్ కింద పడి. నేను స్విచ్ వేశాను, గార్డు లేకుండా ఇవ్వనని పాత గార్డు ఒకటి వెతికి బిగించి ఇచ్చాను. మళ్లీ తీసేసి ఉంటాడు.

మార్బుల్ కట్టరు దానికంటే కాస్త నయం, కింద పళ్లెం ఉంటుంది. మన కార్పెంటర్లలో సగం మంది ప్లైవుడ్ దాంతోనే కోస్తారు. కానీ సర్కులర్ సాకు ఉన్నట్టు స్ప్రింగుతో తనంతట తాను మూసుకునే కింది గార్డు దానికి ఉండదు. కోత అయ్యాక కింద పెడితే బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, నేల మీద నడుస్తుంది. రోజంతా అదే పని చేసేవాడికి ఆ అలవాటు వేరు, వారానికోసారి పట్టుకునే మనకు వేరు. ఇంకో మాట: తిరిగే మిషన్ల దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకండి. రక్షణ అనుకుంటాం గానీ దారం పట్టుకుందంటే వేలినీ లాగేస్తుంది. లుంగీ, భుజాన తువ్వాలు, మెడలో చున్నీ కూడా అంతే.

బ్యాటరీ మిషన్ల గురించి కూడా అడిగారు. డబ్బుంటే డ్రిల్లు వరకు బ్యాటరీది హాయి, వైరు కాళ్లకు తగలదు. 12 వోల్టులది ఇంటి పనికి చాలు. అంకెలు చూసి కంగారు పడకండి. 18 వోల్టులన్నా, 20 అన్నా, 21 అన్నా లోపల అవే ఐదు లిథియం సెల్లులు. ఒక్కో సెల్లు మామూలుగా 3.6, ఫుల్ చార్జింగులో 4.2. ఐదుతో గుణించండి, ఒకచోట 18, ఇంకోచోట 21. పేరు లేని డబ్బాల మీద 48 అనీ 88 అనీ రాసి అమ్ముతారు, విప్పితే అవే ఐదు సెల్లులు. సాధారణంగా ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టదు, కాబట్టి మొదటి బ్యాటరీ ఏ కంపెనీది కొంటే ఆ ఇంటికి అల్లుడయినట్టే. రెండు బ్యాటరీలు, చార్జరు కలిపి వచ్చే కిట్టు చూడండి, విడిగా కొంటే బ్యాటరీ ధరే మిషన్ ధర దగ్గరికి పోతుంది. మన ఎండల్లో బాల్కనీలో పెట్టి చార్జింగు చేయకండి, నీడలో చల్లారాక పెట్టండి.

కరెంటు సంగతి నా సొంత పేట కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. ఇంట్లో చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు, అంతవరకే దాని బలం. డ్రిల్లు, ట్రిమ్మరు, సాండరు దానికి ఆనవు. సర్కులర్ సా మాత్రం గీజరు ప్లగ్గులో, అంటే 16 ఆంపియర్లదాంట్లో పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే వైరు మొత్తం విప్పి పరవండి. చుట్టగా వదిలేస్తే లోపల వేడెక్కి కరిగిన వైర్లు నా దగ్గర చాలా ఉన్నాయి. మిషన్‌కు మూడో పిన్ను లేదేమిటి, ఎర్త్ ఎలా అని చాలామంది అడుగుతారు. లేబుల్ మీద చదరంలో చదరం గుర్తు ఉందేమో చూడండి. ఉంటే రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, ఎర్త్ అక్కర్లేదు.

మిషన్లు కాలడానికి అసలు కారణం వినండి. మోటారును చల్లార్చే ఫ్యాను ఆర్మేచర్ షాఫ్టు మీదే ఉంటుంది. బలవంతంగా అదిమితే మోటారు వేగం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడి పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. రెండు దెబ్బలూ ఒకేసారి. అందుకే వేడెక్కిన మిషన్‌ను టక్కున ఆపి పక్కన పెట్టకండి, చెక్క నుంచి తీసి ఒక నిమిషం ఖాళీగా తిరగనివ్వండి. నా షాపుకు వచ్చే కాలిన ఆర్మేచర్లలో ఎక్కువ భాగం మొండి బ్లేడుతో బలవంతంగా కోయడం వల్లే. బ్లేడు మార్చాల్సింది, మోటారు మార్చాల్సి వచ్చింది.

అమెరికా నుంచి ఎవరైనా మిషన్ తెస్తానంటే వద్దని చెప్పండి. అక్కడ 120 వోల్టులు. ఒకాయన బావమరిది డాలస్ నుంచి ముచ్చటపడి తెచ్చిన డ్రిల్లును ఇక్కడ ప్లగ్గు మార్చి పెట్టాడు. "రెండు సెకన్లు భలే తిరిగిందండీ" అన్నాడు. తర్వాత పొగ. బ్యాటరీ మిషన్లయినా చార్జరు అక్కడిదే అయితే అదే గతి, చార్జరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే తప్ప.

ఇవాళ్టి ధరలు సుమారుగా వేసి చూద్దాం. వైరు డ్రిల్లు 3 వేలు, ట్రిమ్మరు 4,500, సాండరు 5,500. క్లాంపులు, మూలమట్టం, టేపు కలిపి 3 వేలు. డ్రిల్లు బిట్లు, ట్రిమ్మరు బిట్లు, కాగితాలు 2 వేలు. కళ్లద్దాలు, చెవులకు మఫ్‌లు, మాస్కులు వెయ్యి. 19 వేలయింది. మిగిలిన 6 వేలు మొదటి షీటుకు, కోత కూలికి, స్క్రూలకు, జిగురుకు. అన్నీ ఒకేరోజు కొనకండి. ముందు డ్రిల్లు, క్లాంపులు, షీటు. అర నిలబడ్డాక ట్రిమ్మరు. రంగు వేసే పని వచ్చాక సాండరు. జిగ్‌సా చెప్పుల స్టాండు అయ్యాక చూద్దాం.

షాపులో కొంటే ప్లగ్గులో పెట్టి తిప్పించుకోండి. వెనక గాలి సందుల్లోంచి చూస్తే బ్రష్‌ల దగ్గర చిన్న చిన్న నీలి మెరుపులు కనబడతాయి, అవి మామూలే. కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆని ఉండే రాగి భాగం) చుట్టూ నిప్పు ఉంగరంలా తిరుగుతుంటే ఆర్మేచర్‌లో లోపం ఉన్నట్టు, ఇంకోటి తీయమనండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష. దాంతోపాటు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన ఒకసారి పట్టిందంటే ఏళ్లపాటు పోదు, బయట ఎంత తుడిచి మెరిపించినా.

జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి, దాని మీద సీరియల్ నంబరు రాయించండి. పేరున్న కంపెనీలకు నకిలీలు కూడా ఉన్నాయి. ఆన్‌లైన్లో తీసుకుంటే డబ్బా విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీయండి, వాపసు గడువు లోపే ఒక పాత చెక్క మీద గంటసేపు పనిచేయించండి. బేరింగు శబ్దమైనా, స్విచ్ లోపమైనా ఆ గంటలోనే బయటపడుతుంది. ఆ గడువు దాటేదాకా డబ్బా, లోపలి అట్టముక్కలు పారేయకండి.